రంగు మారని బిళ్ళ

గురువారం మధ్యాహ్నం ఒంటిగంటా పదకొండు నిమిషాలు.

తోయామాలోని ఆ ఆసుపత్రి రెండో అంతస్తు మందుల గదిలో తనిగుచి కనాయె స్టూలు మీద కూర్చుని ఉంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఒకదాని మీద ఒకటి గట్టిగా అదిమిపెట్టింది. ఎదురుగా ఇన్‌స్పెక్టర్ ఇనామి నిలబడ్డాడు. తలుపు దగ్గర ఒక కానిస్టేబులు. మురోయి సావా లోపలికి వచ్చినప్పుడు ఇనామి తల తిప్పలేదు. నోటు పుస్తకం ఎడమ అంచున పెన్సిలుతో ఆ నిమిషం రాసుకున్నాడు.

ఎడమ అంచున, పెన్సిలుతో. అలా రాసుకోవడం అతనికి నేర్పింది సావాయే. ఎనిమిదేళ్ల కిందట పక్షవాతం వచ్చిన తల్లిని చూసుకోవడానికి ఆమె ఉద్యోగం వదిలేసింది. ఖాళీ అయిన కుర్చీలో ఇతను కూర్చున్నాడు. ఇప్పుడు ఆమెకు అరవై మూడు. ఎవరైనా పిలిస్తే వెళ్లి సొంతంగా దర్యాప్తులు చేస్తుంది. ఆ పెన్సిలు కదిలినప్పుడల్లా తన ఇంట్లో వస్తువు పక్కింటి వాళ్ల కిటికీలో కనిపించినట్టు ఉంటుంది ఆమెకు.

"నాలుగింటికి ఈ అమ్మాయిని స్టేషనుకి తీసుకెళ్తున్నాను," అన్నాడు ఇనామి. "వాళ్ల అక్క మిమ్మల్ని పెట్టుకుందట. నాలుగు దాకా మాట్లాడుకోండి మురోయి గారూ. నాకు అడ్డం రాకుండా మాత్రం చూసుకోండి."

పదకొండేళ్లు 'మేడం' అని పిలిచిన నోరు అది.

"అడ్డం రాను ఇన్‌స్పెక్టర్ గారూ. పక్కన నిలబడతాను. నువ్వు కాలు జారితే పట్టుకోవాలి కదా," అంది సావా. స్టూలు దగ్గరికి వెళ్లి వంగింది. "మంగళవారం ఏం జరిగిందో మళ్లీ చెప్పు కనాయె. ఇతనికి కాదు, నాకు చెప్పు."

"పది గంటలకు ఫోనొచ్చిందండీ. ప్రొఫెసర్ ఇవసె గారు లాబ్ వరండాలో పడిపోయారు, మెదడు నరంలో రక్తం గడ్డకట్టింది, పైకి తీసుకొస్తున్నాం, హోరితా మందు పంపించు అన్నారు. సోమవారం సాయంత్రం నాలుగూ ఇరవైకి వచ్చిన పెట్టె తీశాను. సీలు కాయితం చిరగలేదు. దాని మీద ప్రొఫెసర్ గారి ముద్ర ఉంది. పైనున్న సంచి తీసి బిళ్ళ చూశాను. గులాబి రంగులో ఉంది. 'గులాబి, పదీ నాలుగు' అని రాసి, కవరు చించి, సంచి పంపించాను. పదీ నలభైకి గడ్డ తీశారు. రక్తం తిరిగొచ్చింది. నాకు తెలిసింది అంతేనండీ."

హోరితా మందు అంటే ప్రొఫెసర్ కింద పనిచేసే డాక్టర్ హోరితా తయారుచేసినది, ఇంకా పరీక్షల్లో ఉన్న మందు. గాలి సోకితే పన్నెండు గంటల్లో చచ్చిపోతుంది. అందుకే మందు సంచిని గాలి లేని ఇంకో కవరులో పెట్టి అతికిస్తారు. ఆ కవరులో చిన్న పొట్లం, పొట్లంలో చొక్కా గుండీ అంత బిళ్ళ. గాలి లేనంతసేపు గులాబి రంగులో ఉంటుంది. గాలి చొరబడితే నీలంగా మారుతుంది. పరీక్షల మందు కాబట్టి వాడిన కవర్లను బిళ్ళతో సహా దాచాలి, సంచిలో మిగిలిన నాలుగు చుక్కలను కూడా దాచాలి. ఆ నాలుగు చుక్కలను ఈ ఉదయం పరీక్షించారు. అందులో మందన్నది లేదు. రంగు నీళ్లు ఉన్నాయి.

మంగళవారం నుంచి ప్రొఫెసర్ ఇవసెకి మాట లేదు, కుడి చెయ్యి లేదు. ఈ ఉదయం కుడి కాలు కూడా పోయింది.

"కవరుకి చిల్లు లేదు," అన్నాడు ఇనామి వేళ్లు ముడుస్తూ. "బిళ్ళ గులాబి. అంటే కవరు చించేదాకా మందు బాగుంది. చించాక ముట్టుకున్నది ఈమె ఒక్కతే. రెండేళ్ల కిందట ప్రొఫెసర్ ఈమెను లాబ్ నుంచి పంపించేసి, ఆ చోటు హోరితా మనిషికి ఇచ్చాడు. కడుపులో మంట ఉండదా?"

"ఉందండీ," అంది కనాయె. తల ఎత్తింది. "రోజూ ఆ లాబ్ కిటికీ చూస్తూ ఇక్కడ మాత్రలు సర్దుకుంటాను. ఎందుకుండదు? మంట ఉన్నవాళ్లందరూ మనుషుల్ని చంపడం మొదలుపెడితే ఈ ఆసుపత్రిలో మంచాలు చాలవు."

ఇనామి ఆ మాట కూడా రాసుకున్నాడు. మాట కింద గీత గీశాడు. ఆ గీత కోర్టులో ఎలా పనికొస్తుందో సావాకి తెలుసు.

ఆమె బల్ల దగ్గరికి వెళ్లింది. వాడిన కవర్ల ట్రే బల్ల మీద ఉంది. పోలీసులు దాని మీద పలచని ప్లాస్టిక్ కాయితం కప్పారు. ప్రతి కవరుకీ తారీఖు, టైము రాసిన చీటీ ఉంది. ఆమె కళ్లజోడు పైకి తోసుకుని ఒక్కొక్కటే చూసింది. గ్యాస్ కట్టేశానా లేదా అని మూడుసార్లు వెనక్కి వెళ్లి చూసుకునే మనిషి ఆమె. ట్రేని కూడా మూడుసార్లు చూసింది.

"ఈ ట్రే చూశావా ఇనామీ?"

"ఫోటోలు తీశాం."

"తీశారు. చూశావా అని అడిగాను."

అతను బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఇవి పదకొండు కవర్లు. పది బిళ్ళలు నీలంగా ఉన్నాయి. ఇదిగో, ఇది ఈ ఉదయం ఎనిమిదిన్నరకి చించింది. ఇదీ నీలమే. కనాయె, చించాక ఎంతసేపటికి మారుతుంది?"

"రెండు గంటలు. మహా అయితే మూడు."

"మరి ఇది?"

ట్రే మధ్యలో ఒక్క కవరులో గులాబి చుక్క. చీటీ మీద 'మంగళవారం, పదీ నాలుగు' అని ఉంది.

కనాయె స్టూలు మీద నుంచి లేచింది. కానిస్టేబులు ఒక అడుగు ముందుకు వేశాడు. ఆమె అతన్ని చూడనే లేదు.

"అలా ఉండడానికి వీల్లేదండీ. మూడో రోజు ఇది. ఎప్పుడో నీలమైపోవాలి."

"ఈ మూడు రోజుల్లో ఎవరూ చూడలేదా?"

"చించాక మేం ఎప్పుడూ చూడమండీ. చించేముందు పది నిమిషాలైనా చూస్తాం. చించాక నీలమవుతుందని తెలుసు కదా, ఇంక చూసేదేముంది? ట్రేలో పడేస్తాం. ఇక్కడ పనిచేసే ఎవరిని అడిగినా ఇదే చెప్తారు."

"ఇనామీ, ఆ బిళ్ళను పెన్సిలుతో నొక్కు."

అతను కాసేపు తటపటాయించాడు. తర్వాత చేతికి తొడుగు వేసుకుని, పొట్లం చింపి, పెన్సిలు మొనతో నొక్కాడు. అసలు బిళ్ళ గోటికి లొంగదు. ఇది పొడైపోయింది. సన్నని తీపి వాసన వచ్చింది. ఇనామి ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. అతని ముఖం ఒక్క క్షణం చిన్నపిల్లాడి ముఖంలా అయింది.

"మా నాయనమ్మ పటం ముందు పెట్టేవాళ్లం," అన్నాడు. "అచ్చు చక్కెర."

రకుగన్. పోయినవాళ్ల పేరు మీద పంచే అచ్చు చక్కెర. తెల్లవి, గులాబివి. ఎవరో గులాబి ముక్కను గుండ్రంగా చెక్కి, అసలు బిళ్ళ తీసేసి ఇది పెట్టారు. కవరులోకి గాలి వదిలి మళ్లీ అతికించారు. లోపల మందు చచ్చిపోయింది, బయట గులాబి రంగు నవ్వుతూ ఉండిపోయింది.

"సోమవారం పొద్దున లాబ్ వెనక రాయి దగ్గర ఎడారి ఎలుకలకు దినం చేశారు," అంది కనాయె మెల్లగా. "పరీక్షల్లో చచ్చిపోయినవాటికి ఏటా ఆకులు ఎర్రబడ్డాక చేస్తారు. వెళ్లినవాళ్లకి తలా ఒక పొట్లం చక్కెర ఇస్తారు. ఈసారి విద్యార్థులంతా కనజావా సభకి వెళ్లారు. ఉన్నది ఇద్దరేనట, ప్రొఫెసర్ గారు, హోరితా గారు. నన్నయితే రెండేళ్ల నుంచి పిలవడమే లేదు."

ఇనామి పుస్తకం మూశాడు. "హోరితా," అన్నాడు కానిస్టేబులుతో. "నాకు మొదట్నుంచీ అనుమానం ఆవిడ మీదే."

మొదట్నుంచీ. సావా పళ్లు బిగపట్టింది. ఈ మాటే రేపు పేపర్లో వస్తుంది.

"మరి ఈ అమ్మాయి?"

"నాలుగు దాకా ఇక్కడే ఉంటుంది. హోరితాకి ఈమె చేసిపెట్టలేదని నేనెందుకు నమ్మాలి?"

*

ఒంటిగంటా యాభై రెండు. ఆసుపత్రి వెనకే లాబ్. డాక్టర్ హోరితా మిసావోకి యాభై రెండేళ్లు ఉంటాయి. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. రబ్బరు చెప్పుల్లో నిలబడి ఇనామి వైపు చూస్తోంది. చిలక్కొయ్యకున్న కోటు తీసి భుజాన వేసుకుంది. ఎక్కడికో బయల్దేరుతోంది.

"నా మందును నేనే చంపుకుంటానా? మీకు పిచ్చి గాని పట్టిందా?"

"ముప్ఫై ఏళ్లు ఆయన కింద పనిచేశారు," అన్నాడు ఇనామి. "పేరంతా ఆయనకే పోతుందని..."

"మీకు ఎవరో తిరగేసి చెప్పారు. ముప్ఫై ఏళ్లు అందరూ ఇవసె మందు అన్నారు. అదిప్పుడు మూలపడింది. ఇప్పుడంతా హోరితా మందు అంటున్నారు. సోమవారం రాయి దగ్గర సంతాపం చదివేటప్పుడు కూడా కాయితం మీద నా పేరే ముందుంది. ఆయనే చదివారు, పాపం. చదివేటప్పుడు ఒకసారి దగ్గారు కూడా."

సావా ఆ దగ్గును మనసులో పెట్టుకుంది. "పెట్టెలు ఎవరు సర్దుతారమ్మా?"

"సంచులు కవర్లలో పెట్టి అతికించేది నేను. ఆఖరి తనిఖీ, ముద్ర ప్రొఫెసర్ గారివి. సోమవారం రెండు గంటలకు తలుపేసుకుని మూడున్నర దాకా చూశారు. ఎప్పుడూ పది నిమిషాలు కూడా పట్టదు. నా మందని అంత శ్రద్ధగా చూస్తున్నారనుకున్నాను." ఆమె కోటు కాలరు సరిచేసుకుంది. "నాకు సంతోషమేసింది."

"ఈ మందు మెదడుకి రక్తం తిరిగి రాకముందే ఎందుకెక్కించాలి?"

"రక్తం ఆగినందువల్ల కొంత మెదడు పోతుంది. తిరిగొచ్చిన రక్తం వల్ల మరికొంత పోతుంది. ఆకలికి మాడిపోయిన కణాల మీదికి ఆక్సిజన్ ఒక్కసారిగా వచ్చి పడుతుంది. అవి తట్టుకోలేవు. నిప్పురవ్వల్లాంటివి పుట్టి దొరికినదాన్నల్లా కాలుస్తాయి. యాంటీ ఆక్సిడెంట్ అంటే ఆ రవ్వలకి ఎదురెళ్లి తను కాలిపోయేది. ముందే ఎక్కిస్తే మంచిది. పోనీ రక్తం వచ్చిన అరగంట లోపల ఎక్కినా దక్కుతుంది. అది దాటితే మొదటి రెండు రోజులూ మనిషి బాగానే ఉన్నట్టుంటాడు. అప్పటికే మాట పోనివాడైతే మాట్లాడతాడు, తింటాడు. మూడో రోజు..."

"తెలుసు," అంది సావా.

ఆమె తల్లి రెండు రోజులు మాట్లాడింది. మూడో రోజు పియర్ పండు చెక్కు తీసి పెట్టమంది. పండు తెద్దామని సావా ఒక్క గంట ఇంటికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి పండు తినే మనిషి లేదు.

హోరితా చేతిలో ఫోను మోగింది. చూసి తలుపు వైపు కదిలింది. "ఉయోజు ఆసుపత్రి నుంచి. అక్కడ ఒకావిడ పడిపోయిందట, ఇద్దరు పిల్లల తల్లి. మూడింటికి గడ్డ తీస్తారు. నేను వెళ్లి దగ్గరుండాలి."

ఇనామి చెయ్యి చాపి ఫోను లాక్కున్నాడు. మోత ఆపేసి జేబులో వేసుకున్నాడు. "అక్కడ డాక్టర్లు లేరా? మీరు ఎక్కడికీ వెళ్లడం లేదు. సోమవారం మీకిచ్చిన చక్కెర పొట్లం చూపించండి."

"రాయి దగ్గరే పెట్టేశాను. ఏటా అంతే. నా చేత్తో చంపినవాటి పేరు చెప్పి పంచిన చక్కెర నా గొంతు దిగదు."

ఇనామి నవ్వాడు. సావా నవ్వలేదు. ఏదో మరిచిపోయినట్టు, ఏదో కట్టేయకుండా వచ్చేసినట్టు అనిపించింది ఆమెకు. అది ఏమిటో అందలేదు. ఆమె వెనక తలుపు తీసుకుని రాయి దగ్గరికి నడిచింది. ఇనామి హోరితాని కానిస్టేబులుకి అప్పజెప్పి వెంట వచ్చాడు.

నడుమంత ఎత్తు రాయి. ముందు వాడిపోయిన చామంతులు, ఆరిపోయిన అగరొత్తుల బూడిద. రాయి అంచు మీద కాయితం పొట్లం తడిసి ఎండి అతుక్కుపోయి ఉంది. సావా మోకాళ్ల మీద కూర్చుని పొట్లం విప్పింది. చామంతి ఆకారంలో ఆరు ముక్కలు. మూడు తెల్లవి, మూడు గులాబివి. అంచులు కరిగి ఒకదానికొకటి అంటుకున్నాయి. గులాబి చారిక రాయి మీదుగా జానెడు కారి గట్టిపడింది.

"ఆరుకి ఆరూ ఉన్నాయి," అంది.

"నిన్న తెచ్చి పెట్టుండొచ్చుగా?"

"వాన మంగళవారం మధ్యాహ్నం ఒక్క గంట పడింది. మళ్లీ చినుకు లేదు. ఈ చారిక ఆ వానదే. అంటే వానకి ముందే ఈ ఆరూ ఇక్కడున్నాయి. ఈ పొట్లంలోంచి ఎవరూ ఏమీ చెక్కలేదు."

"బజారులో దొరకదా చక్కెర?"

"దొరుకుతుంది. కాని సోమవారం రెండింటికి జేబులో గులాబి చక్కెర పెట్టుకుని తలుపేసుకున్న మనిషి బజారుకి వెళ్లక్కర్లేదు. రెండో పొట్లం ఎక్కడుందో నన్ను వెతకనీ."

ఇనామి ముఖం ఎర్రబడింది. "చావుబతుకుల్లో ఉన్న మనిషిని ముద్దాయి అంటున్నారా? ఆ మందు ఆయన ఒంట్లోకే వెళ్లింది మురోయి గారూ. తనకు తానే విషం పెట్టుకున్నాడా? మీరు వెళ్లిపోయాక కూడా మా డిపార్టుమెంటు నడుస్తూనే ఉంది. అది మీరు ఓర్చుకోలేకపోతున్నారు."

"ఓర్చుకోలేకపోతున్నాను," అంది సావా లేస్తూ. మోకాలు కలుక్కుమంది. "అయినా ఈ చారిక ఎండే ఉంది."

ఒక గులాబి ముక్క విరిచి రుమాలులో చుట్టుకుంది. ఇనామి చూస్తూ ఊరుకున్నాడు.

*

రెండూ నలభై ఒకటి. మూడో అంతస్తు చివరి గది.

ప్రొఫెసర్ ఇవసె కియోతకా మంచం మీద ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. మాట రాదు గాని అన్నీ వింటున్నాడని నర్సు చెప్పింది. ఎడమ చేతిని మెత్తని గుడ్డతో మంచం పట్టెకి కట్టేశారు. పక్కన కుర్చీలో అతని భార్య ఫుమియె నిటారుగా కూర్చుని ఉంది, ఎవరింటికో అతిథిగా వచ్చినట్టు.

"చెయ్యి ఎందుకు కట్టారమ్మా?"

"గొట్టం పీకేస్తున్నాడు. మంగళవారం ఆ సంచి తగిలించిన దగ్గర్నుంచీ ఇదే గోల. ఇంకా ఆపరేషన్ గదిలోకి కూడా తీసుకెళ్లలేదు. ఆ సంచి వైపు చూస్తూ ఒకటే గింజుకున్నాడు. మతి చలించిందన్నారు. ముగ్గురు పట్టుకుని కట్టారు."

సావా ఆ చేతిని చూసింది. మణికట్టు కమిలిపోయింది.

"ఒక చిన్న మాట. సోమవారం ఆయన చక్కెర పొట్లం ఇంటికి తెచ్చారా?"

ఫుమియె ముఖంలో ఏదో తలుపు మూసుకుంది. "ఊరంతా తెలిసిపోయిందన్నమాట."

"ఏమిటి తెలిసింది?"

"ముప్ఫై ఒక్క ఏళ్లు తెచ్చాడు. మా అత్తగారి పటం ముందు పెట్టి, సాయంత్రం టీతో చెరొక ముక్కా తినేవాళ్లం. తెల్లది ఆయనకి, గులాబిది నాకు. నాకని ఆయన తెచ్చే వస్తువు ఏడాదికి అదొక్కటే. మొన్న సోమవారం ఉత్త చేతులతో వచ్చాడు. ఈ ఏడు పంచలేదన్నాడు. అబద్ధం. ఎక్కడికి పోయిందో నాకు తెలీదా? ఆవిడకిచ్చాడు. వయసిచ్చాడు, పనిచ్చాడు, ఆదివారాలిచ్చాడు. ఆఖరికి నా చక్కెర కూడా ఆవిడకే ఇచ్చాడు."

"హోరితా గారికా?"

"ఆ పేరు నా ముందు ఎత్తకండి. ఇంట్లో రోజూ వినేది అదే. అన్నం దగ్గర కూర్చుంటే హోరితా ఇలా రాసింది, హోరితాని ఫలానా దేశం పిలిచింది. నిద్రలో కూడా హోరితా హోరితా."

"ఏ గొంతుతో అనేవారమ్మా?"

"ఏ గొంతేమిటి?"

"నిద్రలో ఆ పేరు అన్నప్పుడు. ముద్దుగానా, ఇంకోలాగానా? మీరు పక్కనే పడుకున్నారుగా."

ఫుమియె భర్త వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"పళ్లు కొరికేవాడు," అంది చివరికి. "పళ్లు కొరుకుతూ అనేవాడు."

సావా మంచం అంచున కూర్చుని గుడ్డ ముడి విప్పింది. రుమాలు తెరిచి గులాబి చక్కెర ముక్కను అతని అరచేతిలో పెట్టింది. ఇవసె కళ్లు దాని మీద నిలిచాయి. వేళ్లు మెల్లగా ముడుచుకుని దాన్ని దాచేశాయి. కంటి కొసనుంచి నీళ్లు చెవిలోకి కారాయి.

ఆమె ఆ పిడికిలిని తన చేతిలోకి తీసుకుంది. "అవునంటే నొక్కండి. కాదంటే ఊరుకోండి. బిళ్ళలు మార్చింది మీరేనా?"

పిడికిలి ఆమె వేళ్లను నొక్కింది.

"ఆమె మందు ఓడిపోవాలని."

మళ్లీ నొక్కింది, ఈసారి గట్టిగా.

"మంగళవారం ఆ సంచి తగిలించగానే మీరు గుర్తుపట్టారు. ఆపమని చెప్పడానికి నోరు లేదు. పీకబోతే చెయ్యి కట్టేశారు."

చెయ్యి నొక్కలేదు. వణికింది. కుర్చీలో ఫుమియె రెండు చేతులతో నోరు మూసుకుంది. ముప్ఫై ఏళ్లుగా ఆమె కుమిలింది ఒకదానికి, ఆ ఇంట్లో ఉన్నది ఇంకొకటి. ఆయన హోరితాని ప్రేమించలేదు. ఓర్చుకోలేకపోయాడు. ఆ మాట కాసేపటి కిందట తనను అన్నదేనని సావాకి గుర్తొచ్చింది.

"మార్చింది ఒక్క పెట్టెలోనేనా?"

చెయ్యి కదలలేదు.

సావా ముందుకి వంగింది. "రెండు పెట్టెలా?"

పిడికిలి నొక్కింది. నొక్కి వదల్లేదు.

"రెండోది ఎక్కడికి..." అడగబోయి ఆగిపోయింది. మరిచిపోయిందేమిటో ఇప్పుడు దొరికింది. హోరితా భుజాన కోటు. ఫోను. ఉయోజు, ఇద్దరు పిల్లల తల్లి, మూడింటికి.

గోడ గడియారం రెండూ యాభై ఎనిమిది చూపిస్తోంది.

సావా ఇనామికి ఫోను చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ చేసింది. రెండోసారి మోగుతుండగానే కట్ చేశాడు. ఆమె పేరు చూసి ఎత్తడు. ఆ కుర్చీలో ఉన్నప్పుడు ఆమె కూడా కొందరి పేర్లు చూసి ఎత్తేది కాదు.

మెట్లు దిగింది. అరవై మూడేళ్ల మోకాళ్లు ఎంత వేగంగా దిగగలవో అంత వేగంగా దిగింది. మందుల గది ముందు వరండాలో ఇనామి తన ఫోనులో పైఅధికారితో మాట్లాడుతున్నాడు. "అవును సార్, చక్కెర అని నేనే పట్టుకున్నాను..." సావాని చూసి అటు తిరిగాడు.

ఆమె చుట్టూ తిరిగి అతని ఎదుటికి వచ్చింది.

"నువ్వే పట్టుకున్నావు ఇనామీ. కేసు నీది, పేరు నీది. ఎవరడిగినా నేనే చెప్తాను. హోరితా ఫోను తియ్యి. ఉయోజులో ఉన్న పెట్టెలో కూడా చక్కెరే ఉంది. ఇవసె ఒప్పుకున్నాడు."

ఇనామి చెవి దగ్గరి ఫోను కిందికి దిగింది. ఒక్క క్షణం ఆమె ముఖంలో అబద్ధం కోసం వెతికాడు. దొరకలేదు. జేబులోంచి హోరితా ఫోను తీసి, చివరిసారి వచ్చిన నంబరు నొక్కి, అందరికీ వినిపించేలా పెట్టాడు. మూడూ ఒకటి.

"హోరితా గారేనా?" అంది అవతలి గొంతు. "ఎక్కడున్నారండీ? మీ కోసం చూసి చూసి మొదలుపెట్టేశాం."

"పోలీసు. ఆమె మందు ఎక్కించారా?"

"రెండూ ముప్పావుకే ఎక్కించాం. బిళ్ళ చూశాం, చక్కని గులాబి రంగు. ఏమైందండీ?"

"ఆ బిళ్ళను గోటితో నొక్కండి," అంది సావా.

"ఏమిటి?"

"కవరు ట్రేలో ఉంటుంది. పొట్లం చించి బిళ్ళను నొక్కండమ్మా."

అడుగుల చప్పుడు. కాయితం చిరిగిన చప్పుడు. మందుల గది గుమ్మంలోకి కనాయె వచ్చి నిలబడింది. కానిస్టేబులు ఆమెను ఆపడం మరిచిపోయాడు.

"పొడైపోయింది," అంది ఆ గొంతు. కాసేపాగి, ఈసారి చాలా సన్నగా, "ఇదేమిటండీ, ఇది పొడైపోయింది."

"గడ్డ తీశారా?"

"ఇప్పుడే. మూడు గంటలకు. రక్తం తిరిగొచ్చింది."

అరగంట. మూడున్నర దాకా. ఇనామి గడియారం వైపు చూశాడు. మూడూ రెండు. ఉయోజు ఇక్కడికి పాతిక కిలోమీటర్లు.

కనాయె ఎవరినీ అడగలేదు. లోపలికి వెళ్లి, సోమవారానికి ముందే వచ్చిన, ఈ ఉదయం వాడిన పాత పెట్టె తీసింది. అందులో మిగిలింది రెండే సంచులు. ఒకదాని పొట్లాన్ని కవరు మీద నుంచే బొటనవేలి గోటితో అదిమింది. మళ్లీ అదిమింది. రెండోదాన్ని కూడా అదిమింది.

"గట్టిగా ఉన్నాయి," అంది. "ఇవి అసలువే. సైరన్ వేస్తే ఇరవై రెండు నిమిషాల్లో చేరొచ్చు. ఎలా ఎక్కించాలో దారిలో ఫోన్లో చెప్తాను. నన్ను నాలుగింటికి కాదు, ఐదింటికి పట్టుకెళ్లండి."

ఇనామి నోటు పుస్తకంలోంచి కనాయె అరెస్టు కాయితం తీసి నాలుగు మడతలు పెట్టి కానిస్టేబులు చేతిలో పెట్టాడు. "చించెయ్," అన్నాడు. కనాయె మోచెయ్యి పట్టుకుని మెట్ల వైపు పరుగెత్తాడు. రెండు మెట్లు దిగి వెనక్కి తిరిగాడు.

"మేడం, ఇవసె దగ్గర ఉండండి. అతను ఎక్కడికీ పోకుండా."

"ఎక్కడికి పోతాడు," అంది సావా. కాని అతను అప్పటికే వెళ్లిపోయాడు.

మూడూ నాలుగుకి కింద సైరన్ మొదలైంది. ఆమె కిటికీ దగ్గర నిలబడి ఆ చప్పుడు వంతెన దాటి సన్నబడేదాకా విన్నది. ఉయోజులో ఆ తల్లి ఈ సాయంత్రం కళ్లు తెరుస్తుంది. పిల్లల్ని పేరు పెట్టి పిలుస్తుంది. రేపు కూడా పిలుస్తుంది. మందు అందినా పిలుస్తుంది, అందకపోయినా పిలుస్తుంది. తేడా తెలిసేది మూడో రోజున.

ఇవాళ గురువారం. సావా వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. లెక్క తప్పిందేమోనని మళ్లీ పెట్టుకుంది. ఎన్నిసార్లు పెట్టినా శనివారమే వచ్చింది.